శూన్యం – శూన్యత: నాగార్జునుని పాశ్చాత్య పఠనాలు, తెలుగు విమర్శ

వ్యాససంగ్రహం

ఆచార్య నాగార్జునుని దర్శనం 19వ శతాబ్ది నుంచి యూరప్, అమెరికా విద్వాంసుల చేతుల్లో మూడు ప్రధాన రూపాలు ధరించింది: అభావవాదం, పరతత్త్వవాదం, భాషావిశ్లేషణ. ఈ మూడూ ఆయా కాలాల పాశ్చాత్య తాత్త్విక ప్రశ్నలకు అద్దం పట్టాయి. తెలుగు విమర్శలో నాగార్జునుని గురించి స్థిరపడిన అభిప్రాయాలు కూడా దాదాపు ఈ మూడు అచ్చుల్లోనే ఒదిగి ఉన్నాయని, అయితే వాటికి కారణాలు వేరని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘శూన్యం’ అనే నిత్యవ్యవహార పదానికీ, ‘శూన్యత’ అనే శాస్త్రపదానికీ మధ్య భేదాన్ని పాటించకపోవడం అందులో ముఖ్యమైన కారణం.

కీలకపదాలు: నాగార్జునుడు, శూన్యత, ప్రతీత్యసముత్పాదం, మాధ్యమికం, అంధక నికాయాలు, ఫణిగిరి, పాశ్చాత్య బౌద్ధ అధ్యయనాలు.

1. ఉపోద్ఘాతం

జనగామ నుంచి సూర్యాపేటకు వెళ్ళే దారిలో ఉన్న ఫణిగిరి గుట్ట తెలంగాణ బౌద్ధక్షేత్రాలలో ప్రముఖమైనది. నిజాం పాలనలో 1940లలో ఇక్కడ తొలి తవ్వకాలు జరిగాయి. 2001 తరువాత జరిగిన తవ్వకాలలో తోరణ శిల్పాలు, శాసనాలు వెలుగుచూశాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరానికి చెందిన ఒక శాసనం, రాజవైద్యుడు ధర్మచక్రాన్ని ప్రతిష్ఠించిన సంగతిని పద్యరూపంలో చెబుతుంది. ఆ శాసనపాఠాన్ని ఆస్కార్ ఫాన్ హినూబర్, పీటర్ స్కిల్లింగ్ 2011లో పరిష్కరించి ప్రకటించారు. 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఏర్పాటు చేసిన తొలి భారతీయ బౌద్ధకళా ప్రదర్శనలో ఫణిగిరి శిల్పాలకు స్థానం లభించింది. ఆ ప్రదర్శనకు పెట్టిన ‘వృక్షం, సర్పం’ అనే పేరు, అమరావతి, సాంచీ శిల్పాలపై 1868లో జేమ్స్ ఫెర్గుసన్ వెలువరించిన గ్రంథం పేరును గుర్తుకు తెస్తుంది. నూటయాభై ఏళ్ళ తరువాత కూడా ఈ నేల శిల్పాలను లోకం అదే పేరుతో చూసింది.

ఇటువంటి సందర్భాలలో తెలుగు పత్రికలలోనూ, సభలలోనూ గర్వం వ్యక్తం కావడం సహజం. నాగార్జునుడు మనవాడు, దిఙ్నాగుడు మన వేంగిలో నివసించాడు, భావవివేకుడు మన ధాన్యకటకంలో ఉన్నాడు అన్న మాటలు తరచు వినిపిస్తాయి. ఆ గర్వానికి ఆధారం లేకపోలేదు. అయితే ఒక ఆచార్యుడు ఎక్కడివాడో చెప్పినంత మాత్రాన ఆయన ఏమన్నాడో చెప్పినట్లు కాదు. మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ వంటి అడవి మండలం నుంచి విశ్వవిద్యాలయానికి చేరిన తెలుగు మాధ్యమ పరిశోధక విద్యార్థి నాగార్జునుని చదవాలనుకుంటే అతనికి ముందుగా దొరికేవి ఆంగ్ల వ్యాఖ్యానాలు. ఆ వ్యాఖ్యానాలు ఏ ప్రశ్నల నుంచి పుట్టాయో తెలియకపోతే, వాటి నిర్ణయాలే నాగార్జునుని నిర్ణయాలని అతను భావించే ప్రమాదం ఉంది. కనుక పాశ్చాత్య పఠనాల చరిత్ర తెలుగు విమర్శకు అనుబంధ విషయం కాదు, ప్రవేశద్వారం.

2. నేలపై నిలిచినవి, గ్రంథాలుగా ప్రయాణించినవి

ఆంధ్రదేశ బౌద్ధం తొలి నుంచీ వాదప్రధానమైనది. పాళీ ‘కథావత్థు’ వ్యాఖ్య పూర్వశైల, అపరశైల, రాజగిరిక, సిద్ధార్థిక నికాయాలను కలిపి ‘అంధకులు’ అని పేర్కొంటూ, వారి సిద్ధాంతాలను ఒక్కొక్కటిగా తీసుకుని ఖండిస్తుంది. ప్రత్యర్థి అంత శ్రద్ధగా ఖండించాడంటే ఇక్కడి పక్షం అంత బలంగా ఉన్నదన్నమాట. నాగార్జునకొండ శాసనాలలో అపరమహావినశైలీయ, బహుశ్రుతీయ, మహీశాసక నికాయాలకు దానాలు కనిపిస్తాయి. ఒకే లోయలో, ఒకే రాజవంశపు నీడలో, పరస్పరం విభేదించే సంఘాలు పక్కపక్కనే విహారాలు కట్టుకున్నాయి.

వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన నాగార్జునకొండ శాసనం ఈ చర్చకు మరింత ముఖ్యమైనది. ఆమె దానం తామ్రపర్ణి స్థవిరుల కోసం. కశ్మీరం, గాంధారం, చీనా మొదలైన దేశాలలో శ్రద్ధను కలిగించినవారని ఆ శాసనం స్థవిరులను కీర్తిస్తుంది. ధర్మం దూరదేశాలకు వెళ్ళడమనే ఊహ ఈ నేలకు పశ్చిమం నేర్పినది కాదు. కృష్ణాతీరంలో ఒక గృహిణి దాన్ని రాతిపై చెక్కించింది.

7వ శతాబ్దిలో ధాన్యకటకానికి వచ్చిన చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ అక్కడ కొన్ని నెలలు ఉండి ఇద్దరు భిక్షువుల వద్ద మహాసాంఘికుల అభిధర్మం చదివాడని, వారికి ప్రతిగా మహాయాన శాస్త్రాలు బోధించాడని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. ఇచ్చిపుచ్చుకోవడమే ఈ విద్యాసంప్రదాయపు స్వభావం.

కాలక్రమంలో ఈ నేలపై విహారాల పునాదులు నిలిచాయి, గ్రంథాలు మాత్రం బయటనే బ్రతికాయి. నాగార్జునుని ‘మూలమధ్యమకకారిక’ను కుమారజీవుడు 409లో చీనా భాషలోకి అనువదించాడు. భావవివేకుని ‘ప్రజ్ఞాప్రదీపం’ సంస్కృత మూలం లుప్తమై, టిబెట్, చీనా అనువాదాలలో మిగిలింది. దిఙ్నాగుని ‘ప్రమాణసముచ్చయం’ ప్రధానంగా టిబెట్ అనువాదాల ద్వారానే లోకానికి తెలిసింది. టిబెట్‌లో భద్రంగా ఉన్న జినేంద్రబుద్ధి వ్యాఖ్య సంస్కృత ప్రతి తొలి అధ్యాయం 2005లో అచ్చయిన తరువాతనే మూలవాక్యాలను విస్తృతంగా పునర్నిర్మించే అవకాశం కలిగింది. నాగార్జునుని ‘విగ్రహవ్యావర్తని’ సంస్కృత ప్రతిని రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్‌లో కనుగొనగా, 1937లో అది ముద్రితమైంది. ‘రత్నావళి’లో లభ్యమైన సంస్కృత భాగాలను జ్యుసెప్పె తుచ్చి 1934, 1936లలో ప్రకటించాడు.

ఈ వివరాల సారాంశం ఒకటే. తెలుగు పాఠకుడు నాగార్జునుని తన పెరట్లో కనుగొనలేదు. కాఠ్మండు, ల్హాసా, పారిస్, సెంట్ పీటర్స్‌బర్గ్ మీదుగా తిరిగివచ్చిన నాగార్జునుని కలుసుకున్నాడు. అంత దూరం తిరిగిన గ్రంథానికి దారిపొడుగునా వ్యాఖ్యానాల పొరలు అంటుకుంటాయి. ఆ పొరలను గుర్తించడం విమర్శ పని.

3. పాశ్చాత్య పఠనాలు: మూడు దశలు

3.1. అభావవాదం: నేపాల్ నుంచి బ్రయన్ హాడ్జ్‌సన్ పంపిన సంస్కృత రాతప్రతులు 1837లో పారిస్ చేరాయి. వాటి ఆధారంగా యూజెన్ బుర్నూఫ్ 1844లో భారతీయ బౌద్ధ చరిత్రకు ఉపోద్ఘాత గ్రంథం రచించాడు. మాధ్యమికం ఆయనకు సర్వనిషేధంగా కనిపించింది. దైవం, ఆత్మ, సృష్టి అనే మూడు స్తంభాలపై నిలిచిన క్రైస్తవ యూరప్‌కు, ఈ మూడూ లేని ధర్మం శూన్యారాధనగా తోచడంలో ఆశ్చర్యం లేదు. 19వ శతాబ్ది యూరప్ తత్త్వవేత్తలలో ఈ భయం ఎంత విస్తృతంగా పాకిందో రోజె-పోల్ ద్రోయా 1997లో ప్రకటించిన గ్రంథంలో వివరించాడు. చంద్రకీర్తి ‘ప్రసన్నపద’తో సహా మధ్యమకకారికలను 1903–1913 మధ్య సెంట్ పీటర్స్‌బర్గ్‌లో పరిష్కరించిన లూయీ ద లా వల్లే పూసిన్ సైతం దీర్ఘకాలం అభావవాద వ్యాఖ్యానం వైపే మొగ్గాడు. మూలపాఠాన్ని అంత నిష్ఠగా పరిష్కరించిన పండితుడు అర్థనిర్ణయంలో తన కాలపు ఊహలకు లోబడడం గమనార్హం. పాఠపరిష్కరణ, వ్యాఖ్యానం వేర్వేరు నైపుణ్యాలని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది.

3.2. పరతత్త్వవాదం: పూసిన్‌కు సమాధానంగా రష్యన్ విద్వాంసుడు శ్చెర్బాట్‌స్కీ 1927లో బౌద్ధ నిర్వాణ భావనపై గ్రంథం వెలువరించాడు. శూన్యతను ఆయన ‘సాపేక్షత’గా అనువదించాడు. నాగార్జునుని పక్కన కాంట్, హెగెల్, బ్రాడ్లీలను నిలిపి పోల్చాడు. ఈ ధోరణికి పరిపూర్ణ రూపం టి.ఆర్.వి. మూర్తి 1955లో లండన్‌లో ప్రకటించిన గ్రంథం. అందులో కాంట్ విమర్శతత్త్వం పునాదిగా, శూన్యత వాక్కుకు అందని పరమతత్త్వంగా రూపొందింది. అభావవాద నింద నుంచి నాగార్జునుని విడిపించిన ఘనత ఈ పఠనానిది. అయితే ఆ విముక్తికి చెల్లించిన మూల్యం తక్కువది కాదు. ఏ స్థిరతత్త్వాన్నీ అంగీకరించని దార్శనికుని వెనుక మరొక స్థిరతత్త్వాన్ని నిలబెట్టడం దాని ఫలితం.

3.3. భాషావిశ్లేషణ: 1967లో రిచర్డ్ రాబిన్సన్, ఫ్రెడరిక్ స్ట్రెంగ్ గ్రంథాలతో మూడవ దశ బలపడింది. రాబిన్సన్ కారికల తర్కనిర్మాణాన్ని పరిశీలించాడు. స్ట్రెంగ్ విట్‌గెన్‌స్టయిన్ భాషాచింతన సహాయం తీసుకున్నాడు. శ్రీలంకకు చెందిన డేవిడ్ కలుపహన 1986లో నాగార్జునుని ఆదిమ బౌద్ధసూత్రాలకు వ్యాఖ్యాతగా, అనుభవవాదిగా నిరూపించదలచాడు. జే గార్‌ఫీల్డ్ 1995లో టిబెట్ పాఠం నుంచి, మార్క్ సిడెరిట్స్, షోర్యూ కత్సురా 2013లో సంస్కృత పాఠం నుంచి కారికలను అనువదించి వ్యాఖ్యానించారు.

ఈ మూడు దశలనూ కలిపి ఆండ్రూ టక్ 1990లో ఒక విమర్శ చేశాడు. పాశ్చాత్య పండితులు తమకు తెలియకుండానే తమ కాలపు తత్త్వాన్ని మూలంలోకి చదువుకున్నారని, నాగార్జునుని చిత్రాలు మారడం యూరప్ తత్త్వచరిత్ర మార్పులకు అనుగుణంగా జరిగిందని ఆయన వాదం. అంటే పశ్చిమ పండిత లోకం తన పఠనాన్ని తానే బోనులో నిలబెట్టింది. ఈ గుణం అనుసరించదగినది. పాశ్చాత్య పండితులు మనవారిని వక్రీకరించారని ఒక్క వాక్యంతో తోసిపుచ్చేవారు, ఆ వక్రీకరణను అందరికంటే సూక్ష్మంగా బయటపెట్టినది కూడా అదే పండిత సంప్రదాయమని మరువరాదు.

4. తెలుగులో ఆ మూడు అచ్చులు

తెలుగు విమర్శ ఈ గ్రంథాలన్నిటినీ చదివి వాటిని అనుకరించిందని చెప్పడానికి వీలులేదు. అయినా ఫలితాలు పోలి ఉన్నాయి. ఆ పోలికకు తెలుగు భాషలోనూ, తెలుగు సమాజంలోనూ స్వతంత్ర కారణాలు ఉన్నాయి.

మొదటిది భాష. తెలుగులో ‘శూన్యం’ నిత్యవ్యవహార పదం. ఫలితం శూన్యం, చేతిలో శూన్యం, బ్రతుకంతా శూన్యం వంటి ప్రయోగాలలో దాని అర్థం ‘ఏమీ లేకపోవడం’. గణితంలో సున్న. ఈ అర్థంతో పెరిగిన పాఠకుడు ‘శూన్యవాదం’ అనే మాట వినగానే సర్వాభావాన్నే ఊహిస్తాడు. బుర్నూఫ్‌ను అభావవాదానికి చేర్చినది వేదాంతశాస్త్ర భయం, తెలుగు పాఠకుని చేర్చేది నిఘంటువు. నాగార్జునుడు ప్రతిపాదించినది భావార్థక ‘తా’ ప్రత్యయం చేరిన ‘శూన్యత’. శూన్యం ఒక వస్తువు పేరు కాగలదు, శూన్యత మాత్రం వస్తువులకు చెందిన ధర్మం. దేని శూన్యత, దేనిచేత శూన్యం అనే ప్రశ్నకు సమాధానం లేకుండా ఆ పదానికి అర్థం లేదు. మాధ్యమికుని సమాధానం స్పష్టం: పదార్థాలు స్వభావంచేత శూన్యాలు, పదార్థాలే లేవని కాదు. ఒక్క ప్రత్యయాన్ని వదిలివేయడంతో ఒక దర్శనం తలకిందులవుతుంది.

రెండవది అద్వైత సంస్కారం. మాయ, మిథ్య, అనిర్వచనీయం అనే పదాలతో పరిచయమున్న తెలుగు పండితునికి సంవృతి, పరమార్థం అనే ద్వివిధ సత్యాలు వినగానే వ్యావహారిక, పారమార్థిక సత్తలు స్ఫురిస్తాయి. శంకరులను ‘ప్రచ్ఛన్న బౌద్ధుడు’ అన్న ప్రాచీన నింద ఇక్కడ తిరగబడి, నాగార్జునుడు ప్రచ్ఛన్న అద్వైతి అవుతాడు. మూర్తి కాంట్ మార్గంలో చేరిన చోటికే తెలుగు పండితుడు గౌడపాదుని మార్గంలో చేరతాడు. కానీ అద్వైతంలో మిథ్యకు అధిష్ఠానం బ్రహ్మం. మాధ్యమికంలో శూన్యతకు అధిష్ఠానం లేదు. శూన్యత కూడా శూన్యమే. ఈ ఒక్క భేదాన్ని దాటవేస్తే రెండు దర్శనాలకూ అన్యాయం జరుగుతుంది.

మూడవది హేతువాద, సామాజిక న్యాయ దృక్పథం. 20వ శతాబ్దిలో కులాన్ని, కర్మకాండను ప్రశ్నించిన తెలుగు ఆలోచనాపరులు బుద్ధునిలో తమ పూర్వగామిని చూశారు. అంబేద్కర్ రచన ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ (1957) ఈ పఠనానికి నైతిక బలాన్ని ఇచ్చింది. ఈ మార్గం బౌద్ధాన్ని శిథిలాల నుంచి జీవితంలోకి తెచ్చింది. దాని విలువను తక్కువ చేయడానికి వీలులేదు. అయితే ఇందులో నాగార్జునుడు ఇబ్బందికరమైన వ్యక్తిగా మిగిలిపోతాడు. ఆయన వాదం నిష్ప్రయోజనమైన మాటల గారడీగా, ప్రజల ధర్మం నుంచి పండితుల వ్యసనంలోకి జారిన దశగా కనిపిస్తుంది. అనుభవవాదిగా ఆయనను రక్షించదలచిన కలుపహన ప్రయత్నం వెనుక ఉన్న అసౌకర్యమే ఇక్కడ మరొక రూపంలో ఉంది.

కావ్యరంగంలో పరిస్థితి ఇందుకు భిన్నం. నేపాల్ రాతప్రతుల ఆధారంగా హరప్రసాద శాస్త్రి 1910లో ప్రకటించిన అశ్వఘోషుని ‘సౌందరనందం’ అనతికాలంలోనే పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావుల చేతిలో స్వతంత్ర తెలుగు కావ్యమైంది. తిరిగివచ్చిన గ్రంథాన్ని తెలుగు కవి తన భాషలో మళ్ళీ పుట్టించగలిగాడు. తత్త్వశాస్త్రంలో ఆ స్థాయి స్వీకారం ఇంకా జరగవలసి ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ తత్త్వశాస్త్ర ఆచార్యులు కొత్త సచ్చిదానందమూర్తి నాగార్జునునిపై రచించి 1971లో నేషనల్ బుక్ ట్రస్ట్ ద్వారా వెలువరించిన గ్రంథం కూడా ఆంగ్లంలోనే ఉండడం ఈ సందర్భంలో ఆలోచింపజేస్తుంది.

5. వాదసందర్భంలో శూన్యత

27 ప్రకరణాల మధ్యమకకారికలో 24వ ప్రకరణం ఈ వివాదానికి కీలకం. అక్కడ పూర్వపక్షి వేసే ఆక్షేపణ, తరువాతి కాలంలో బుర్నూఫ్ చేసినదే: అంతా శూన్యమైతే దుఃఖం లేదు, దుఃఖనిరోధం లేదు, బుద్ధుడు, ధర్మం, సంఘం లేవు. నాగార్జునుడు ఆ ఆక్షేపణను తిప్పికొడతాడు. పదార్థాలకు స్వభావం ఉంటేనే ఇవన్నీ అసంభవం. స్వభావసిద్ధమైన దుఃఖం పుట్టదు, పోదు. దాన్ని తొలగించే మార్గమూ ఉండదు. ప్రతీత్యసముత్పాదాన్నే శూన్యత అంటున్నామని ఆయన సమాధానం. అంటే 19వ శతాబ్ది యూరప్ నిర్ణయంగా ప్రకటించినది, మూలగ్రంథంలో పూర్వపక్షంగా ఉంది. పూర్వపక్షాన్ని సిద్ధాంతంగా భావించడం కంటే పెద్ద పఠనదోషం శాస్త్రవాఙ్మయంలో ఉండదు.

ఈ విషయాన్ని కొత్తగూడకు సమీపంలోని పాకాల చెరువు ఉదాహరణతో చెప్పవచ్చు. కాకతీయుల కాలం నాటి ఆ చెరువులో కట్ట, తూము, అలుగు, వాన, వాగులు, కాపాడే మనుషులు అన్నీ కలిసి ‘చెరువు’ అనే వ్యవహారాన్ని నిలుపుతున్నాయి. వీటిలో ఏదీ విడిగా చెరువు కాదు. వీటిని మినహాయిస్తే చెరువుతనం అనే మరొక పదార్థం మిగలదు. అంతమాత్రాన చెరువు లేదనడం అసంబద్ధం, ఆయకట్టు పొలాలే అందుకు సాక్ష్యం. పైగా చెరువుకు స్వతస్సిద్ధ స్వభావం లేదు కనుకనే దాన్ని తవ్వగలిగారు, కట్ట తెగితే మళ్ళీ పోయగలుగుతున్నారు. స్వభావం ఉన్నదైతే అది ఎవరూ కట్టనక్కరలేనిదై, ఎన్నడూ ఎండనిదై ఉండాలి. శూన్యత మార్పును నిషేధించదు, మార్పుకు అవకాశం ఇస్తుంది.

ఈ అర్థం సామాజిక దృక్పథానికి కూడా ఉపకరిస్తుంది. పుట్టుకతో వచ్చే ఉచ్చనీచాలు స్వభావసిద్ధాలని చెప్పే ఏ వ్యవస్థకైనా నిస్స్వభావ సిద్ధాంతం గట్టి ప్రతివాదం. హేతువాద పఠనం నాగార్జునుని పక్కన పెట్టి తన చేతిలోని పదునైన ఆయుధాన్ని వదులుకుంది. అయితే ఈ ప్రయోజనం నాగార్జునుడు నేరుగా ఉద్దేశించినదని చెప్పడం మళ్ళీ మన కాలాన్ని మూలంలోకి చదవడమే అవుతుంది. వాదం నుంచి వచ్చే ఫలితం వేరు, వాది ఉద్దేశం వేరు. ఈ భేదాన్ని పాటించడమే టక్ విమర్శ నుంచి నేర్చుకోవలసిన పాఠం.

‘విగ్రహవ్యావర్తని’లో మరొక ఆక్షేపణ వస్తుంది. అన్నీ శూన్యాలైతే నీ మాట కూడా శూన్యమే, అది దేన్ని ఖండించగలదు? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే పద్ధతిపైనే తరువాతి మాధ్యమికులు చీలిపోయారు. ప్రతిపక్షంలోని అసంగతిని చూపడం చాలునని బుద్ధపాలితుడు భావించాడు. స్వతంత్రానుమానం అవసరమని భావవివేకుడు విమర్శించాడు. చంద్రకీర్తి బుద్ధపాలితుని సమర్థించాడు. ఆ వాదం ధాన్యకటకంతో ముడిపడిన పేరుతో మొదలై, టిబెట్ విహారాలలో శతాబ్దాల పాటు సాగి, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్, వియన్నా వంటి చోట్ల తత్త్వశాస్త్ర సదస్సులలో వినిపిస్తోంది. ప్రయాణించినది సిద్ధాంతం ఒక్కటే కాదు, ప్రశ్నించే పద్ధతి కూడా.

6. స్థలగౌరవం, సాక్ష్యవివేకం

నాగార్జునుని ఆంధ్రదేశ సంబంధం విషయంలోనూ వివేకం అవసరం. నాగార్జునకొండ అనే పేరు ఇక్ష్వాకుల కాలానిది కాదు. ఆనాటి శాసనాలలో ఆ స్థలం శ్రీపర్వతం, విజయపురి. పేరులోని పోలిక ఆధారంగా కారికల రచనాస్థలాన్ని నిర్ణయించడం శాస్త్రీయం కాదు. జగ్గయ్యపేట శాసనం భదంత నాగార్జునాచార్యుని శిష్యపరంపరను పేర్కొంటున్నా, దాని లిపి కారికాకర్త కాలానికి చాలా తరువాతిది. ‘రత్నావళి’, ‘సుహృల్లేఖ’ శాతవాహన రాజును ఉద్దేశించినవని సంప్రదాయం. జోసెఫ్ వాల్సర్ 2005లో ‘రత్నావళి’ రచనాస్థలం దిగువ కృష్ణాలోయ కావచ్చునని వాదించాడు. ఇది బలమైన ఊహ, నిర్ణయం కాదు. ఊహను ఊహగా, సాక్ష్యాన్ని సాక్ష్యంగా ఉంచడం స్థలగౌరవానికి భంగకరం కాదు. దిఙ్నాగుడు ప్రమాణశాస్త్రం రచించిన సంప్రదాయానికి వారసులమని చెప్పుకునేవారికి ప్రమాణాల పట్ల శ్రద్ధ మరింత అవసరం.

7. ముగింపు

పాశ్చాత్య లోకానికి చేరిన బౌద్ధం అక్కడి ప్రశ్నలకు అనుగుణంగా రూపాలు మార్చుకుంది. ప్రతీత్యసముత్పాదాన్ని బోధించిన దర్శనానికి అది విరుద్ధం కాదు, కారణసామగ్రి మారితే రూపం మారుతుంది. తెలుగు విమర్శ ఆ రూపాలను యథాతథంగా స్వీకరించకూడదు, తిరస్కరించకూడదు కూడా. ఏ ప్రశ్నకు ఏ పఠనం సమాధానమో గుర్తించి, తన ప్రశ్నలతో మూలాన్ని మళ్ళీ తెరవాలి.

అందుకు మూడు పనులు ఆవశ్యకం. ‘శూన్యవాదం’ అనే అలవాటు మాటకు బదులు ‘శూన్యత’, ‘నిస్స్వభావత’, ‘మాధ్యమికం’ అనే పదాలను వాటి భేదాలతో స్థిరపరచాలి. పూర్వపక్షం, సిద్ధాంతం స్పష్టంగా వేరుపడేలా సంస్కృత మూలంతో, తెలుగు వివరణతో కారికలను బోధించాలి. తెలుగు, సంస్కృత, తత్త్వశాస్త్ర, పురావస్తు శాఖలు ఒకే క్షేత్రాన్ని వేర్వేరుగా తవ్వే పరిస్థితి పోవాలి. ఫణిగిరి శాసనాన్ని చదివే విద్యార్థికి కారికలు తెలియాలి, కారికలు చదివే విద్యార్థి ఫణిగిరి గుట్ట ఎక్కాలి. అప్పుడు కొత్తగూడ నుంచి వచ్చిన పరిశోధకుడు నాగార్జునుడు ఎక్కడివాడన్న ప్రశ్న దగ్గర ఆగిపోకుండా, ఆయనతో తన భాషలోనే వాదానికి దిగగలుగుతాడు. ఒకప్పుడు అంధకులని ప్రత్యర్థులు పేరుపెట్టి పిలిచిన సంప్రదాయానికి అది తగిన కొనసాగింపు.